ఓడినవారి ప్రక్కన



నాలో ఒక బలహీనత ఉన్నది. దానిని మొదటనే ఒప్పుకొనుట మేలు. నాకు ఫుట్‌బాల్ పిచ్చి. మా ఊరిలో ఈ మాట చెప్పినయెడల జనులు నవ్వుదురు. యాభై యేండ్లు దాటినవాడు, బడిలో పిల్లలకు లెక్కలు చెప్పువాడు, సంఘములో పదిమంది మర్యాద చేయువాడు రాత్రివేళ ఫోను ముందర కూర్చుండి "బంతి వదలకురా, వదలకురా!" అని కేకలు వేయుట వారికి వింతగా తోచును. అదే క్రికెట్ అయినయెడల ఎవరును నవ్వరు. క్రికెట్ పిచ్చి ఊరందరికి ఉన్నది గనుక అది పిచ్చి అనిపించుకొనదు.

అయినను ఈ ఆట వలన నేనొక పాఠము నేర్చుకొంటిని. అది గెలుపులో నేర్చుకొన్నది కాదు, ఓటమిలో నేర్చుకొన్నది. నేర్చుకొనుట ఆలస్యమైనది గనుకనే మీకు చెప్పుచున్నాను. మీకు అంత ఆలస్యము కాకూడదని నా కోరిక.

నేను చిన్నతనమున మిషను హాస్టలులో ఉండి చదివితిని. హాస్టలు వెనుక ఒక బీడు ఉండెను. ఎండకాలములో అది రాతివలె గట్టిగా ఉండును, వానకాలములో మోకాలివరకు బురద. ఒక ప్రక్కన రెండు వేపకొమ్మలు పాతి, మరియొక ప్రక్కన రెండు ఇటుకలు పెట్టి గోలు అనుకొనెడివారము. నలభై మంది పిల్లలకు ఒకే బంతి. అది పగిలినప్పుడెల్ల సైకిలు పంక్చరు వేయువాని యొద్దకు మోసికొని పోయెడివారము. మాలో ఎవనికిని బూట్లు లేవు. అయినను సాయంకాలము గంట కొట్టగానే ఆ బీడు మాకు రాజుగారి తోటవలె కనబడెను.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాయన ఆ ఆటను గూర్చియే అడిగెడివాడు. ఆయన యౌవనమందు సికింద్రాబాదులో కొంతకాలము కూలిపని చేసెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు కథలు ఆయనకు కంఠపాఠము. ఆ జట్టు 1950 మొదలుకొని 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టుకు ఆట నేర్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. "ఆయన పహిల్వాను కాదురా, బడిపంతులు. నీకు పాఠం చెప్పే పంతులు లాంటోడే" అని మా నాయన ప్రతిసారి చివర చెప్పెడివాడు. నేను పంతులు ఉద్యోగమునకు పోవుటలో ఆ మాటకు కొంత పాలు ఉన్నదేమో.

కాబట్టి 2019లో హైదరాబాదు పేరు పెట్టుకొని ఒక జట్టు ఇండియన్ సూపర్ లీగులో దిగినప్పుడు, మా నాయన బ్రదికి ఉండవలసినది అనుకొంటిని. ఆ మొదటి యేడు మనవారు పది జట్లలో పదవ స్థానమున నిలిచిరి. 18 ఆటలలో రెండే గెలుపులు. నేను నిరాశపడలేదు. కొత్తగా నాటిన చెట్టు మొదటి యేటనే కాయలు కాయునా?

మూడేండ్లు కాకమునుపే ఆ చెట్టు కాసెను. 2022 మార్చి 20వ తేదీ ఆదివారము రాత్రి, గోవాలోని ఫతోర్డా మైదానమున కేరళ జట్టుతో చివరి ఆట. మనవారు ఒక గోలు వెనుకబడి ఉండిరి. 88వ నిమిషమున సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన బంతి వలలో పడెను. పెనాల్టీలలో మన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను ఆపెను. హైదరాబాదు విజేత. అప్పుడు మా చిన్నవానికి పదునైదేండ్లు. వాడు మంచము మీదినుండి దూకి నా మెడ కౌగిలించుకొని "మనం గెలిచినం నాన్నా, మనం గెలిచినం!" అని అరచెను. నిద్రలేచిన మా అమ్మ, దొంగలు పడిరేమో అని కర్ర పట్టుకొని వచ్చెను.

"మనం గెలిచినం." ఈ మాటను కొంచెము ఆలోచించుడి. మేము గోవాను ఎన్నడును చూడలేదు. ఆ బంతిని మాలో ఎవరును తన్నలేదు. అయినను గెలిచినది "మనము". ఈ "మనము" అను మాటను జ్ఞాపకము ఉంచుకొనుడి. దానితో నాకు పని ఉన్నది.

తరువాతి యేడు కూడ మన జట్టు లీగులో రెండవ స్థానమున నిలిచినది. ఆ మీదట 2023-24 సీజను వచ్చినది. దానిని తలంచుకొనిన ఇప్పటికిని నా కడుపులో ఏదో త్రిప్పినట్లుండును. 22 ఆటలు. గెలిచినది ఒకటి. సమముగా ముగిసినవి 5. ఓడినవి 16. మనవారు వేసిన గోలులు 10, మనవారి మీద పడినవి 43. పండ్రెండు జట్లలో పండ్రెండవ స్థానము. రెండేండ్ల క్రిందట కప్పు ఎత్తిన జట్టేనా ఇది అని చూచినవారికి నమ్మకము కలుగలేదు.

నడిమిలోనే, జనవరి నెలలో, పరదేశపు ఆటగాండ్రు ఒకరి వెనుక ఒకరు వెళ్ళిపోయిరి. బ్రెజిల్ దేశస్థుడైన జావో విక్టర్ ఒక్కడు నిలిచెను. మిగిలినవారిలో చాలామంది మీసములు సరిగా మొలవని కుర్రవాండ్రు. ఎదుట ఉన్నవారు ఆరితేరినవారు. ప్రతి వారము ఇదే కథ. మొదటి అరగంట మనవారు గట్టిగా నిలుతురు, ఎవడో ఒకడు కాలు జారును, ఒక గోలు పడును, తలలు వంగును. ఆ తలలు వంగుట చూచినప్పుడు, ఎవరు ఎంత నవ్వినను, ఫోను మూయుటకు నాకు చేతులు రాలేదు.

కాని నేను పరిశుద్ధుడనై కూర్చుంటినని అనుకొనవద్దు. ఓడుచున్న జట్టును ప్రేమించువాడు మొదట కోపపడును. నేను కోచిని తిట్టితిని, రిఫరీని తిట్టితిని, గాలిని తిట్టితిని. కోపము చాలక బేరములకు దిగితిని. ముహూర్తములు, శకునములు నమ్మవద్దని సండేస్కూలులో బోధించు నేనే, నీలపు కుర్చీలో కూర్చుంటే ఓడుచున్నారని నులకమంచము మీదికి మారితిని. ఒక రాత్రి మా చిన్నవానితో "నువ్వు చూస్తుంటేనే గోలు పడుతున్నది, లేచి పో" అంటిని. వాడు నవ్వి లేచిపోయెను. వాడు పోయిన తరువాత ఇంకను రెండు గోలులు పడినవి.

మార్చి నెలలో చెన్నైలో ఆ యొక్క గెలుపు వచ్చినది, 1-0. ఆ రాత్రి మేమిద్దరము నాలుగింటి వరకు నిద్రపోలేదు. కప్పు గెలిచిననాటి సంతోషముకంటె అది తక్కువ కాదు. ఆకలిగొన్నవానికి గంజి ఎట్లుండునో నాకు తెలిసినది.

ఆ మార్చి, ఏప్రిల్ నెలలలోనే హైదరాబాదు క్రికెట్ జట్టు రికార్డుల మీద రికార్డులు వేయుచుండెను. ఒక ఆటలో 277 పరుగులు, మరియొక ఆటలో 287. మా ఊరి కుర్రవాండ్రందరు నారింజరంగు చొక్కాలు తొడుగుకొని తిరిగిరి. ఒకే ఊరి పేరు పెట్టుకొన్న రెండు జట్లు. ఒకటి ఆకాశమున, ఒకటి పాతాళమున. టీ కొట్టు దగ్గర ఒకడు నన్ను చూచి "సారూ, మీ ఫుట్‌బాలోళ్ళు ఇంకా బతికే ఉన్నరా?" అని అడిగెను. "ఉన్నరు బిడ్డా, పండ్రెండో స్థానంల ఉన్నరు" అని చెప్పితిని. అందరితోపాటు నేనును నవ్వితిని.

ఆ ఏప్రిల్ నెలలోనే మరియొకటి జరిగినది. మా నాయన చెప్పిన రహీంగారి మీద "మైదాన్" అను హిందీ చలనచిత్రము వచ్చినది. రహీంగారి వేషము అజయ్ దేవగన్ వేసెను. ఇంటర్ పరీక్షలు ముగించి ఇంట ఖాళీగా ఉన్న మా చిన్నవాడు "మన రహీం సినిమా వచ్చింది నాన్నా, పోదాం" అని పట్టుపట్టెను. పొద్దున బస్సు ఎక్కి పట్నము పోయితిమి. థియేటరులో మేమిద్దరమును, ఇంకొక పదిపండ్రెండు మందియు. ఓడినవారి కథకే కాదు, ఫుట్‌బాల్‌లో గెలిచినవారి కథకు కూడ జనము రారు కాబోలు అనుకొంటిని.

చిత్రము 1952వ సంవత్సరపు హెల్సింకి ఒలింపిక్స్‌తో మొదలగును. అక్కడ మన దేశపు జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినది. మనవారిలో చాలామంది వట్టికాళ్ళతో ఆడిరి. ఆ జట్టు కోచి రహీంగారే. చివరకు 1962లో జకార్తాలో జరిగిన ఏషియా క్రీడలలో మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకము గెలుచును. అప్పటికి రహీంగారు ఊపిరితిత్తుల కాన్సరుతో ఉండిరి. మరుసటి యేడు, 1963 జూన్ నెలలో, ఆయన చనిపోయిరి. సినిమా చూచుచు నేను రెండుసార్లు కన్నీళ్ళు తుడుచుకొంటిని. మా వాడు చూడనట్లు నటించెను.

అయితే బస్సులో తిరిగివచ్చుచు నాలో ఒక ఆలోచన పుట్టెను. సినిమాలో ఓటమి ఎంత సుళువు! మన తెలుగు చిత్రములైనను, "విజిల్" వలె తమిళమునుండి వచ్చిన ఫుట్‌బాల్ చిత్రములైనను, అన్నింటిలోను ఓటమి విశ్రాంతికి ముందే ముగియును. విశ్రాంతిలో మనము బఠాణీలు తిని వచ్చి కూర్చుందుము. రెండవ భాగమున గెలుపే. ఓడుచున్నప్పుడు కూడ వెనుకనుండి సంగీతము వినబడుచు, "భయపడకుడి, ఇతడు గెలుచును" అని మనకు చెప్పుచుండును. మన బ్రదుకులో ఆ సంగీతము ఎవరికి వినబడును? పంట పోయిన రైతుకు ఇది విశ్రాంతికి ముందటి భాగమో, తరువాతి భాగమో ఎవరు చెప్పుదురు?

రహీంగారి పదియేండ్లు సినిమాలో మూడు గంటలలో గడచినవి. నిజముగా అవి పది పూర్తి యేండ్లు. హెల్సింకి తరువాత 1956లో మెల్బోర్నులో నాలుగవ స్థానము. 1958లో టోక్యో ఏషియా క్రీడలలో మరల నాలుగవ స్థానము, పతకము లేదు. 1960లో రోములో మొదటి వరుసలోనే ఇంటిదారి. జకార్తాలో కూడ మొదటి ఆటలోనే అదే కొరియా చేతిలో 2-0తో ఓడిరి. ఈ దినములలో ఆయన ఏమి చేయుచుండెను? ఆయన హైదరాబాదు పిల్లలకు పెట్టిన పోటీలను గూర్చి నేను చదివితిని. బంతిని తనయొద్దనే ఉంచుకొని పరుగెత్తకూడదు, వెంటనే తోటివానికి అందింపవలెనని ఒక పోటీ. బలహీనమైన కాలితోనే ఆడవలెనని మరియొక పోటీ. కుడికాలి వాటమువాడు ఎడమకాలితోనే తన్నవలెను. తప్పులు చేయుదురు, పడుదురు. అయినను ఆ కాలితోనే ఆడవలెను.

ఈ సంగతి బస్సులో మా వానికి ఎంతో రుచిగా చెప్పితిని. "చూచితివా, గొప్ప గురువు బలహీనమైన కాలిని దాచమని చెప్పడు, దానిని తిట్టడు" అని పాఠము చేసితిని. వాడు కిటికీలోనుండి బయటికి చూచుచు "ఊఁ" అనెను. పరీక్షలు ఎట్లు వ్రాసెనో వానికి అప్పటికే తెలుసునేమో. నాకు తెలియలేదు.

ఏప్రిల్ 24వ తేదీ ఇంటర్ ఫలితములు వచ్చినవి. మా వాడు రెండవ సంవత్సరము ఎం.పి.సి. గణితములో రెండు పేపర్లును పోయినవి. లెక్కల పంతులు కొడుకు లెక్కలలో తప్పెను.

అప్పుడు నేనేమి చేసితినో చెప్పుటకు సిగ్గగుచున్నది. కేకలు వేయలేదు, కొట్టలేదు. మాటలాడుట మానితిని. వాడు ఎదురుపడిన తల త్రిప్పుకొంటిని. వంటింటిలో నా భార్యతో "నీ కొడుకు చేసిన పని చూచినవా? బడిలో నేను మొగము ఎట్ల చూపాలె?" అంటిని. పదవ తరగతి పాసైన దినమున వీధి వీధి తిరిగి "నా కొడుకు, నా కొడుకు" అన్న నోరే ఇది. జట్టు గెలిచినప్పుడు "మనము గెలిచితిమి" అందుము, ఓడినప్పుడు "వాళ్ళు ఓడిరి" అందుము. నేను ఇంటిలో కూడ అదే చేసితిని. గెలిచినవాడు నా కొడుకు, ఓడినవాడు నీ కొడుకు.

బుధ, గురు, శుక్ర, శని వారములు ఇట్లు గడచినవి. ఆదివారము వచ్చెను. ఆరాధన అయిన పిమ్మట, మా సంఘమునందలి వాడుక చొప్పున, పాసైన పిల్లలనందరిని అయ్యగారు ముందుకు పిలిచి ప్రార్థన చేసిరి. తల్లిదండ్రులు కృతజ్ఞత కవరులు వేసిరి. అందరి మొగములు వెలిగినవి. తప్పిన పిల్లలను ఎవరును పిలువలేదు. పిలువకుండుటయే మర్యాద అని అందరము అనుకొంటిమి. మా ఊరిలో ఆ యేడు తప్పినవారు నలుగురు. ఆ దినమున నలుగురును గుడికి రాలేదు. వారు రాలేదని ఎవరును అడుగలేదు. నేనును అడుగలేదు.

మధ్యాహ్నము అన్నము దగ్గర మా అమ్మ నా విస్తరిలో పప్పు వేయుచు మెల్లగా అనెను: "బిడ్డా, ఒక్క మాట అడుగుత. ఆ ఓడేటోళ్ళ కోసం యాడాది పొడుగున రాత్రి పదకొండు దాక కూసుంటివి. వాళ్ళ పేర్లన్న వాళ్ళకు నువ్వు తెలుసా? ఇంట్ల ఒకడు ఓడిండు. వాని దగ్గర ఒక్క గడియ కూసుండరాదా?"

నేను జవాబు చెప్పలేదు. నా గొంతులో ముద్ద దిగలేదు.

ఆమె చదువుకొన్నది కాదు. ఫుట్‌బాల్ అనగా ఏమో ఆమెకు తెలియదు. ఆ ఆటలో ఎందరు ఆడుదురో చెప్పలేదు. అయితే నేను ఆ యేడాదిలో చేసిన ఒకే ఒక మంచి పనిని ఆమె గమనించెను. అనగా, ఓడినవారిని విడువకుండుట. దానిని ఎక్కడ చేయవలసియుండెనో అక్కడ నేను చేయలేదని కూడ ఆమెయే గమనించెను.

సాయంకాలము రెండు గ్లాసులలో టీ పోసికొని డాబా మీదికి పోయితిని. వాడు నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుండెను. నన్ను చూచి లేవబోయెను. "కూసో" అని ప్రక్కన కూర్చుంటిని. ఏమి చెప్పవలెనో నాకు తోచలేదు. ముప్పది యేండ్లు పాఠములు చెప్పినవానికి ఒక్క మాట దొరకలేదు. టీ చల్లారుచుండెను. వీధిలో ఎవరి ఇంటినుండియో క్రికెట్ ఆట అరుపులు వినబడుచుండెను.

చాలసేపటికి వాడే నోరు తెరచెను. "నాన్నా, మన టీము కంటె నేను నయం. వాళ్ళు ఇరవై రెండింట్ల ఒక్కటే గెలిచిన్రు. నేను ఆరింట్ల నాలుగు పాసైన."

నాకు నవ్వు వచ్చెను. నవ్వుచుండగానే ఏడ్పు వచ్చెను. వాడు కొంచెము ఆగి, తల వంచుకొని, మరియొక మాట చెప్పెను. "నిన్న బస్టాండుకు పోయిన నాన్నా. ఎటు పోవాలెనో తెల్వలేదు. రెండు బస్సులు పోయినయి. తిరిగొచ్చిన."

చదువరులారా, పరీక్షల ఫలితములు వచ్చిన దినములలో మన పత్రికలలో ఎట్టి వార్తలు వచ్చునో మీకు తెలుసును. 2019లో మన తెలంగాణములో ఆ దినములు ఎట్లుండెనో కూడ మరచియుండరు. రెండు బస్సులు పోయినవి. మూడవ బస్సు వచ్చుటకు ముందు వాడు ఇంటికి తిరిగివచ్చెను. నేను ఆ సమయమున ఇంటిలో కూర్చుండి, చనిపోయిన సీజను పాయింట్ల పట్టికను చూచుచుంటిని. ఇంతకంటె నేనేమియు వ్రాయలేను.

ఆ సాయంకాలము నేను వానికి బుద్ధి చెప్పలేదు. "బాగా చదువుము" అని కూడ అనలేదు. "గణితము నీకు ఎడమకాలు. రేపటినుంచి ఇద్దరం ఎడమకాలితోనే ఆడుదాం" అని మాత్రము అంటిని. బస్సులో చెప్పిన పాఠము అప్పుడు వానికి పాఠముగా ఉండెను, ఇప్పుడు నాకే పాఠమైనది. వాడు నా గ్లాసు తీసికొని, చల్లారిన టీ పారబోసి, క్రిందికి పోయి మరల వేడి టీ తెచ్చెను.

దీని చివర ఒక గొప్ప గెలుపు చెప్పుదునని మీరు ఎదురుచూచుచున్నారేమో. ఇది సినిమా కాదు. మే నెలలో సప్లిమెంటరీ పరీక్ష వ్రాసెను. ఒక పేపరు పాసాయెను, రెండవది మరల పోయెను. ఆ దినమున వాని కంటె ముందు నేను డాబా ఎక్కి కూర్చుంటిని. మరుసటి యేడు ఆ పేపరు మరల వ్రాసెను. 75 మార్కులకు పాసగుటకు 26 కావలెను. వానికి 29 వచ్చినవి. ఆ 29 మార్కుల కాగితము ఈనాటికిని మా ఇంటి గోడమీద ఉన్నది. చెన్నైలో గెలిచిన 1-0 వలె అది మాకు ప్రియమైనది.

జట్టు సంగతి అడుగుదురేమో. 2024-25లో మరల క్రిందినుండి రెండవ స్థానము. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. ఆరేండ్లు నేను రాత్రులు మేలుకొనినది ఒక ఖాళీ కుర్చీ కొరకేనా అని మొదట బాధపడితిని. తరువాత ఆలోచించితిని. ఆ జట్టు నాకు ఏమియు బాకీ లేదు. ఓడువారి ప్రక్కన కూర్చుండుట ఎట్లో అది నాకు అలవాటు చేసినది. అలవాటు నాయొద్ద ఉండిపోయెను. జట్టు పోయిననేమి?

2025 వేసవిలో ఫలితములు వచ్చినప్పుడు నేను అయ్యగారితో మాటలాడితిని. పాసైన పిల్లలకు గుడిలో ప్రార్థన జరిగినది, అది జరుగవలసినదే. ఆ సాయంకాలము పెద్దలము ముగ్గురము తప్పిన పిల్లల యిండ్లకు పోయితిమి. బుద్ధులు చెప్పకూడదని, ఎవరి కొడుకు ర్యాంకును గూర్చియు ఎత్తకూడదని ముందే ఒప్పందము చేసికొంటిమి. పోయి కూర్చుంటిమి. ఇచ్చిన టీ త్రాగితిమి. ఒక ఇంటిలో పిల్ల తలుపు వెనుకనే నిలిచి, చివరివరకు బయటికి రాలేదు. మేము లేచి వచ్చుచుండగా "మళ్ళ రాండ్రి తాతా" అని లోపలినుండి ఒక మాట మాత్రము వినబడెను.

మీ ఊరిలో కూడ అట్టి ఇల్లు ఒకటి ఉండును. పరీక్ష పోయిన పిల్ల కావచ్చును, పత్తి పోయిన రైతు కావచ్చును, పట్నమునుండి పని పోగొట్టుకొని తిరిగివచ్చిన కుర్రవాడు కావచ్చును. వారికి చెప్పుటకు మీయొద్ద మాట లేకపోయినయెడల విచారపడకుడి. నాయొద్ద కూడ లేకుండెను. పోయి ప్రక్కన కూర్చుండుడి. టీ చల్లారిన, మరల తెత్తురు.